రెండు ఏప్రిళ్ళు

గ్రీమ్స్‌పేటలో మెడికల్ షాపు పైన
మా రెండు గదుల ఆఫీసు.
మెట్లెక్కి వచ్చిన చెంగల్రాయుడు
కుర్చీ చూపించినా కూర్చోలేదు.
"పైనించి తీసిన పటంలో
మా మామిడితోపు ఎండింది కనపడతాదంట గదమ్మా.
కాయితం మీద దించి ఇస్తే
బంగారుపాళ్యంలో సారుకు చూపిస్తా."

తెరిచాను.
తెర నిండా నలుపు.
"రేయిపూట తీసినారా?"

లేదు, పొద్దున పదిన్నరకు తీసిందే.
ఈ పటానిది అరవై అయిదు వేల మెట్ల నిచ్చెన.
చెరువు, చెరుకు, తారురోడ్డు, ఊరికి ఊరు
అడుగు మెట్ల మీదే ఇరుక్కుని కూర్చుంది.
పై మెట్లన్నీ ఖాళీ.
ఇదంతా ఆయనకు చెప్పలేదు.
"పులుసులో ముక్కల్లాగా
అంతా అడుక్కి దిగిపోయిందన్నా, గరిటె పెట్టాల"
అన్నాను.

నల్ల కిటికీలో టైపు చేశాను:
జీడాల్ ట్రాన్స్‌లేట్, హైఫన్ ఓటీ బైట్,
హైఫన్ స్కేల్.
హద్దులు నేనివ్వలేదు.
ఇవ్వకపోతే అదే వెతుక్కుంటుంది:
పటంలో అన్నిటికన్నా చిన్నది సున్నా,
అన్నిటికన్నా పెద్దది రెండొందల యాభై అయిదు,
మిగిలినవాళ్ళు మధ్యలో సర్దుకోవాలి
పెళ్ళిబస్సులో లాగా.
సున్నా, పది, ఇరవై,
చుక్కలు పెట్టుకుంటూ వంద దాకా నడిచి
అయిపోయిందంది.

పోయినేడు ఏప్రిల్ ఒక పక్క,
ఈ ఏడు ఏప్రిల్ ఒక పక్క.
నలుపులోంచి గట్లు లేచాయి, బాట లేచింది,
తోపు లేచింది.
చెంగల్రాయుడు అటూ ఇటూ చూసి
"రెండూ ఒకటే రకంగా ఉండాయే" అన్నాడు.
"అంటే నా చెట్లు ఎండలేదంటాదా ఇది?"

తోపు మీద నొక్కి చూశాను.
పోయినేడు డెబ్భై ఆరు.
ఈ ఏడూ డెబ్భై ఆరు.

ఆయన సంచిలోంచి ఒక రెమ్మ తీసి బల్ల మీద పెట్టాడు.
ఆకు అప్పడంలా విరిగింది.
దాని పక్కన గోలీకాయంత పిందె,
తొడిమె దగ్గర ఇంకా సొన కారుతోంది.
ఏమీ అనలేదు.
సారు కూడా ఈ రెండు పటాలూ చూసి
ఏమీ అనడు, ఫైలు మూస్తాడు.

అసలు అంకెలు అడిగాను.
పోయినేడు తోపు మూడు వేల నూరు.
ఈ ఏడు రెండు వేల రెండొందల నలభై.
మరి ఆ డెబ్భై ఆరు ఎట్ల వచ్చింది?
పై హద్దు దగ్గరికి వెళ్ళి చూశాను.

పోయినేడు అన్నిటికన్నా తెల్లనిది
కొండ అంచున ఒక మబ్బు తునక,
తొమ్మిది వేల ఎనిమిదొందల డెబ్భై.
ఈ ఏడు మబ్బు లేదు.
అన్నిటికన్నా తెల్లనిది
కోళ్ళఫారం రేకు,
ఏడు వేల నూట ఇరవై.
మబ్బు ఖాళీ చేసిన చోటులోకి
ఎండిన ఆకులన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగి
పచ్చగా ఉన్నామని కూర్చున్నాయి.

వాన రాకపోబట్టే
కరువు కనపడలేదు.

మళ్ళీ టైపు చేశాను.
ఈసారి హద్దులు నావి, రెంటికీ ఒకే కొలత:
రెండొందల నుంచి నాలుగు వేల దాకా.
మబ్బు తెల్లగా కాలిపోతే పోనీ,
రేకు పోతే పోనీ,
వాటి కోసం రాలేదు ఈయన.

పోయినేడు నూట తొంభై అయిదు.
ఈ ఏడు నూట ముప్పై ఏడు.

ఆయనకు అంకెలు చదివి వినిపించే పని లేకపోయింది.
తెర దగ్గరికి వంగి
మసకబారిన తోపులో ఈశాన్యం మూల
వేలు పెట్టాడు.
"ఇది మా యమ్మ అంటు కట్టిన చెట్టు."
ఒక్కో గడి పది మీటర్లన్నా,
చెట్టు విడిగా కనపడదు అనబోయి
ఊరుకున్నాను.

ప్రింటు తీసుకుని, మడవకుండా
చొక్కా లోపల పెట్టుకుని దిగిపోయాడు.

మరునాడు ఇంకో ఊరి పటం తెరిచాను.
మధ్యలో ఒక నల్లచుక్క.
హద్దులు మార్చాను, పోలేదు.
పటాన్ని పక్కకు లాగాను,
పొలాలన్నీ కదిలాయి,
చుక్క కదలలేదు.

అద్దం మీద ఎండిన సొన.
తుడవడానికి గుడ్డ తీసి
మళ్ళీ సొరుగులో పెట్టేశాను.